నా గుండెకు సీఆర్‌టీ కుదిరే దాకా

చాలా కాలం నా వైద్యమంతా ఒక్క అంకె చుట్టూ తిరిగింది. ఈసీజీ కాగితం పైభాగంలో సన్నని అక్షరాలతో క్యూఆర్‌ఎస్ 142 మిల్లీసెకన్లు అని అచ్చయి ఉండేది. గుండెలోని కింది గదులైన జఠరికలు రెండింటికీ విద్యుత్ సంకేతం పూర్తిగా పాకడానికి పట్టే సమయం అది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది 120 లోపు ఉంటుంది. రెండు జఠరికలూ ఒక్కసారే ముడుచుకునేలా చేసే ప్రత్యేకమైన పేస్‌మేకర్ చికిత్సను సీఆర్‌టీ అంటారు. ఆ చికిత్సను గట్టిగా సిఫారసు చేయాలంటే క్యూఆర్‌ఎస్ 150 గానీ అంతకు మించి గానీ ఉండాలని చాలా వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. నాకు ఎనిమిది మిల్లీసెకన్లు తక్కువైంది.

అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. దీర్ఘకాలిక గుండె వైఫల్యం ఉందని తేలి ఐదు నెలలు కావస్తోంది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోవడం, రాత్రి పడుకున్న కాసేపటికే ఊపిరి అందక లేచి కూర్చోవడం, సాయంత్రానికి చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడటం వంటివన్నీ మొదలైన తరువాతే నేను ఆసుపత్రికి వెళ్లాను. ఎడమ జఠరిక తనలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత భాగాన్ని బయటికి నెడుతుందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్, సాధారణంగా 55 శాతం పైన ఉండవలసింది, నాకు 27 శాతమే ఉంది. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాల్లో పూడికలేమీ కనిపించలేదు. ఎప్పుడో వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చి, నాకు తెలియకుండానే తగ్గిపోయి, దెబ్బ మాత్రం మిగిల్చి ఉండవచ్చని డాక్టరు గారు అన్నారు.

ముందుగా మందులతోనే ప్రయత్నించాలి, అది అందరికీ ఒకటే నియమం. సాక్యుబిట్రిల్–వాల్సార్టన్, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే నాలుగు రకాల మందులు మొదలుపెట్టి, రక్తపోటునూ పొటాషియాన్నీ చూసుకుంటూ రెండు వారాలకొకసారి మోతాదు పెంచుతూ వెళ్లారు. కనీసం మూడు నెలలు సరైన మోతాదులో మందులు వాడిన తరువాతే పరికరం గురించి ఆలోచించాలన్నారు. కొందరికి మందులతోనే గుండె కోలుకుంటుంది కాబట్టి ఆ ఓపిక అవసరమే. నాకు నాలుగో నెల చివర ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతానికి చేరి అక్కడే ఆగిపోయింది. కాళ్ల వాపు పోయింది గాని, చదునైన నేల మీద కూడా నాలుగు నిమిషాలు నడిస్తే నిలబడిపోవలసి వచ్చేది.

నా గుండెలో ఉన్న అసలు చిక్కు లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్. ఎడమ జఠరికకు సంకేతాన్ని వేగంగా తీసుకువెళ్లే తీగ వంటి మార్గం తెగిపోయింది. అందువల్ల సంకేతం ముందు కుడి వైపుకు చేరి, అక్కడి నుంచి కండరంలో ఒక్కో కణాన్నీ దాటుకుంటూ నెమ్మదిగా ఎడమ వైపుకు పాకుతుంది. రెండు జఠరికల మధ్య గోడ ముందుగా ముడుచుకుంటుంది, ఎడమ జఠరిక బయటి గోడ అన్నిటికన్నా ఆలస్యంగా ముడుచుకుంటుంది. ఇద్దరు కలిసి ఒక బరువును ఎత్తవలసి వచ్చినప్పుడు మొదటి మనిషి ఎత్తి దించేసిన తరువాత రెండో మనిషి ఎత్తడం మొదలుపెడితే ఏమవుతుందో అదే అక్కడ జరుగుతుంది. కష్టం ఇద్దరిదీ ఉంటుంది, బరువు మాత్రం కదలదు. గుండె కదలికలను చూపే ఎకో అనే స్కానింగ్ తెర మీద మా డాక్టరు గారు ఆ మధ్య గోడను చూపించారు. స్పందన మొదలవగానే అది లోపలికి ఒక్కసారి ఉలిక్కిపడి, వెంటనే వెనక్కి వెళ్లిపోతోంది. అది చూసిన తరువాత నా ఆయాసం ఎక్కడి నుంచి వస్తోందో నాకు మొదటిసారి అర్థమైంది.

మొదట చూపించుకున్న చోట 142 అనే అంకెను చూసి, ఇంకొన్నాళ్లు మందులతోనే చూద్దామన్నారు. ఆ మాటలో తప్పు లేదు. మా అమ్మాయి పట్టుబట్టి మరొక నిపుణురాలి దగ్గరికి తీసుకువెళ్లింది. ఆమె ఈసీజీని చేతిలోకి తీసుకుని అంకెను చూడకుండా ముందు గీతల ఆకారాన్ని చూశారు, ఆ తరువాత నా ఎత్తు అడిగారు. ఐదడుగులని చెప్పాను. ఆడవారి గుండె సాధారణంగా చిన్నదిగా ఉంటుందని, చిన్న గుండెలో 142 మిల్లీసెకన్లంటే పెద్ద గుండెలో 150కి మించిన ఆలస్యంతో సమానం కావచ్చని ఆమె వివరించారు. 2014లో మూడు పెద్ద పరిశోధనలలోని 4,076 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌తో పాటు క్యూఆర్‌ఎస్ 130 నుంచి 149 మధ్య ఉన్న ఆడవారికి సీఆర్‌టీ వల్ల స్పష్టమైన మేలు కనిపించిందని, అదే కొలత ఉన్న మగవారిలో అది కనిపించలేదని చెప్పారు. ఆ మొత్తంలో ఆడవారు 22 శాతమే. అందరికీ గీసిన గీత ఎక్కువగా మగవారి కొలతల నుంచి వచ్చిందన్న సంగతి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. నా జబ్బు తీవ్రత తేల్చడానికి నా ఎత్తు కూడా అవసరమని అంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు.

అయితే క్యూఆర్‌ఎస్ 130కి లోపు ఉన్నవారికి ఈ పరికరం పెట్టకూడదని కూడా ఆమె అంతే గట్టిగా చెప్పారు. ఎకోలో గోడల కదలికలు ఎంత కలవకపోయినా సరే, ఈసీజీలో ఆలస్యం లేనివారికి సీఆర్‌టీ పెట్టి చూసిన పరిశోధనలో మేలు జరగకపోగా మరణాలు పెరిగాయని 2013లో తేలింది. ఈ చికిత్స తగినవారికి ప్రాణం పోస్తుంది, తగనివారికి హాని చేస్తుంది. అందుకే నాకు పెట్టాలా వద్దా అనే ప్రశ్న మీద ఆమె పెట్టిన సమయం నాకు ఎక్కువనిపించలేదు.

గీతల ఆకారం గురించి కూడా చెప్పాలి. అసలైన లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌లో క్యూఆర్‌ఎస్ శిఖరం మధ్యలో ఒక చిన్న గంటు ఉంటుంది, అంటే గీత పైకి వెళ్లి, కొద్దిగా తడబడి, మళ్లీ సాగుతుంది. సంకేతం మధ్య గోడను దాటే క్షణానికీ, బయటి గోడను చేరే క్షణానికీ మధ్య ఉన్న వ్యవధే ఆ గంటు. ఆమె పెన్సిలుతో నా కాగితం మీద నాలుగు చోట్ల ఆ గంటును చుట్టి చూపించారు. గంటు లేకుండా క్యూఆర్‌ఎస్ వెడల్పుగా మాత్రమే ఉంటే, అది కండరం పెరగడం వల్ల వచ్చిన ఆలస్యం కావచ్చని, అలాంటప్పుడు పరికరం అంత ఉపయోగపడదని చెప్పారు.

తరువాత ఎమ్మారై చేయించారు. గడోలీనియం ఉన్న ద్రవం ఎక్కించి తీసే ఆ చిత్రాలలో కండరం చచ్చి మచ్చగా మారిన భాగం తెల్లగా కనిపిస్తుంది. నా ఎడమ జఠరికలో వెనుక వైపు, కింది భాగాన, ఒక మచ్చ తేలింది. పరికరం నుంచి గుండెకు సంకేతాన్ని చేరవేసే తీగను లీడ్ అంటారు. అక్కడ లీడ్ కొనను ఆనిస్తే సంకేతం మచ్చలో నుంచి సాగదు. సాధారణంగా లీడ్ పెట్టే ప్రాంతానికి ఆ మచ్చ చాలా దగ్గరగా ఉంది. మరి కొంచెం ముందుకు, బయటి గోడ నడి భాగంలో కండరం ఆరోగ్యంగా ఉంది, పైగా అన్నిటికన్నా ఆలస్యంగా ముడుచుకునేది కూడా ఆ భాగమేనని ఎకోలో తేలింది. ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడికి వెళ్లకూడదో సూచించే పటం ఆపరేషన్‌కు ముందే తయారైంది. అది లేకుండా లీడ్ పెట్టి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలచుకుంటాను.

పరికరంలో రెండు రకాలున్నాయి. ఒకటి రెండు జఠరికలనూ నడిపించేది మాత్రమే. రెండోది దానితో పాటు ప్రాణాంతకమైన లయ వస్తే షాక్ ఇచ్చి ఆపేది కూడా. రక్తనాళాల్లో పూడిక లేకుండా గుండె వైఫల్యం వచ్చిన 1,116 మందితో డెన్మార్క్‌లో చేసిన పరిశోధన 2016లో వెలువడింది. షాక్ ఇచ్చే పరికరం అందులో హఠాన్మరణాలను తగ్గించింది గాని, మొత్తం మరణాలను చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. వయసు తక్కువగా ఉన్నవారిలో మాత్రం మేలు కనిపించింది. నా వయసునూ, ఎమ్మారైలోని మచ్చనూ కలిపి చూసి షాక్ ఇచ్చేదే తీసుకోమన్నారు. అనవసరంగా షాక్ వచ్చే అవకాశం, లావుపాటి లీడ్, బ్యాటరీ త్వరగా అయిపోవడం వంటి కష్టాలను కూడా దాచకుండా చెప్పారు. మా వారికి ఆ షాక్ మాట వినగానే ముఖం వాడిపోయింది. రెండు రోజులు మాట్లాడుకున్న తరువాత ఒప్పుకున్నాం.

ఆపరేషన్ గదిలో నన్ను పూర్తిగా నిద్రపుచ్చలేదు. ఎడమ భుజం ఎముక కింద మత్తు సూది ఇచ్చి, అక్కడ కోసి, సిరలో నుంచి మూడు లీడ్లు పంపారు. పై గది అయిన కుడి కర్ణికకూ, కుడి జఠరికకూ పంపిన రెండూ తొందరగానే అయిపోయాయి. మూడోదే కష్టం. ఎడమ జఠరిక లోపలికి నేరుగా వెళ్లరు, గుండె వెనుక ఉన్న కరోనరీ సైనస్ అనే పెద్ద సిర నోటిని వెతికి పట్టుకుని, దాని కొమ్మల్లో ఒకదాని గుండా గుండె బయటి ఉపరితలం మీదికి చేరుకుంటారు. చిన్న బుడగతో ఆ సిరను క్షణకాలం మూసి రంగు ద్రవం ఎక్కించినప్పుడు, నా తల పక్కనున్న తెర మీద ఆకులు రాలిన చెట్టు కొమ్మల్లా సిరలు విచ్చుకోవడం నేను చూశాను. అందులో వెనుక వైపున్న లావుపాటి కొమ్మ సులువుగా దొరికేదే, కాని అది మచ్చ వైపు వెళుతోంది. పక్క కొమ్మ సన్నగా, మలుపు తిరిగి ఉంది. డాక్టరు గారు ఆ సన్నదాన్నే ఎంచుకున్నారు. అది దొరకకపోతే మధ్య గోడలోకి లీడ్ దించి, ఎడమ వైపు తీగ మార్గాన్నే నేరుగా తట్టి లేపే కొత్త పద్ధతికి వెళతామని ముందే చెప్పి ఉంచారు. 2017లో మొదటిసారి వివరించిన ఆ పద్ధతి ఇప్పుడు వేగంగా వ్యాపిస్తోంది.

లీడ్ చేరుకున్న తరువాత రెండు పరీక్షలు చేశారు. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ మొదలైనప్పటి నుంచి సంకేతం లీడ్ కొన ఉన్న చోటికి చేరడానికి ఎంత సమయం పడుతుందో కొలిచారు, అది 112 మిల్లీసెకన్లు వచ్చింది. అది 95 మించితే ఫలితం బాగుంటుందని అంటారు. అంటే ఆలస్యంగా మేల్కొనే చోటికే చేరుకున్నామన్న మాట. రెండో పరీక్షలో లీడ్‌లో విద్యుత్‌ను బాగా పెంచి చూశారు. వెంటనే నా పక్కటెముకల కింద ఎవరో లోపలి నుంచి వేలితో పొడిచినట్టు, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం ఎగిరిపడింది. దానిని నడిపే ఫ్రెనిక్ నరం గుండె బయటి గోడను ఆనుకునే వెళుతుంది. నా పొట్ట మీద చెయ్యి పెట్టి ఉంచిన నర్సు "అమ్మా, మీకు తెలుస్తోందా?" అని అడిగారు. తెలుస్తోందన్నాను. ఆ లీడ్‌కు నాలుగు ఎలక్ట్రోడ్లు ఉండటం వల్ల, కదిలించకుండానే మరొక జతను వాడి చూశారు. ఆ ఎగిరిపాటు ఆగింది. రెండున్నర గంటల తరువాత గాయం కుట్టి బయటికి తీసుకువచ్చారు. నాలుగు వారాలు ఎడమ చేతిని భుజం కన్నా పైకి ఎత్తవద్దని, లీడ్లు కుదురుకోవాలని చెప్పారు.

పరికరం పెడితే మూడు నెలల్లో మార్పు కనిపిస్తుందని నేను విన్నాను. నాకు కనిపించలేదు. ఆరు నిమిషాల నడక పరీక్షలో ఆపరేషన్‌కు ముందు 310 మీటర్లు, మూడో నెలలో 325 మీటర్లు. ఎకోలో చెప్పుకోదగిన తేడా లేదు. దూరం తక్కువని నేను ఆ మూడు నెలల పరీక్షలు దగ్గరలోని ఒక క్లినిక్‌లో చేయించుకుంటున్నాను. అక్కడ పరికరాన్ని బయటి నుంచి చదివి సరిచేసే ప్రోగ్రామర్ అనే యంత్రం కొనను నా గుండె మీద పెట్టి, బ్యాటరీ బాగుంది, లీడ్లు బాగున్నాయి, మిషను బాగా పనిచేస్తోంది అని మూడుసార్లూ అదే మాట చెప్పి పంపించారు. ఎడమ వైపు తిరిగి పడుకుంటే పొట్ట పైభాగంలో చిన్నగా కొట్టుకుంటోందని చెప్పాను, అలవాటవుతుందన్నారు. సీఆర్‌టీ పెట్టినవారిలో దాదాపు మూడో వంతు మందికి ఆశించినంత మేలు జరగదని అప్పటికే చదివాను కాబట్టి, నేనూ ఆ మూడో వంతులో పడ్డానని అనుకుని దిగులుతో ఊరుకున్నాను. అలా ఊరుకున్న ఆరు వారాలే నాకు ఇప్పటికీ బాధ కలిగించేవి. మిషను బాగా పనిచేయడమూ, ఆ మిషను నా గుండెకు పనికిరావడమూ రెండు వేరు వేరు సంగతులని అప్పుడు నాకు తెలియలేదు.

మళ్లీ ఆ నిపుణురాలి దగ్గరికే వెళ్లాం. పాత రిపోర్టులలో ఆమె ముందుగా చూసిన అంకె బ్యాటరీది కాదు, రెండు జఠరికలకూ పరికరం సంకేతం ఇచ్చిన స్పందనల శాతం. అది 89 ఉంది. నాకు 89 అంటే మంచి మార్కుల్లాగే అనిపించింది. 36,935 మంది రోగుల పరికరాల నుంచి దూరం నుంచే సేకరించిన వివరాలను 2011లో పరిశీలించినప్పుడు, ఆ శాతం 98 దాటినవారే అందరికన్నా ఎక్కువగా బతికారని ఆమె చెప్పారు. పైగా ఆ 89 కూడా పూర్తిగా నమ్మదగింది కాదట. పరికరం తాను పంపిన సంకేతాలను లెక్క పెట్టుకుంటుంది గాని, ఆ సంకేతం చేరేసరికి గుండె తన పాత మార్గంలోనే సగం ముడుచుకుని ఉంటే దానికి తెలియదు. దాని లెక్కలో అదీ ఒక మంచి స్పందనే. అందుకని గుండె స్పందనలన్నిటినీ నమోదు చేస్తూ ఒంటికి కట్టి ఉంచే పన్నెండు లీడ్ల ఈసీజీ యంత్రం, హోల్టర్‌ను ఇరవై నాలుగు గంటలు కట్టించారు. దాదాపు లక్ష స్పందనల్లో 11,300 జఠరికల నుంచి ముందుగానే పుట్టుకొచ్చే ఎక్టోపిక్ బీట్లు. వాటికి పరికరం చేయగలిగింది ఏమీ లేదు.

మరునాడు ఆసుపత్రి వరండాలో జరిగిన పరీక్షను నేను మరిచిపోలేను. ఒంటి మీద ఈసీజీ బిళ్లలు అంటించి, తీగలు నడుముకు కట్టి, టెక్నీషియన్ చక్రాల బల్ల మీద ప్రోగ్రామర్‌ను తోసుకుంటూ నా పక్కనే నడిచారు. నిలబడి ఉన్నప్పుడు ఈసీజీలో మొదటి లీడ్ అని పిలిచే వరుసలో (ఇది గుండెలో పెట్టిన తీగ కాదు) గీత కిందికి దిగుతోంది, అంటే సంకేతం ఎడమ వైపు నుంచి బయలుదేరుతోంది, కావలసింది అదే. "అమ్మా, కొంచెం వేగంగా నడవండి" అన్నారాయన. రెండో నిమిషంలో ఆ గీత దిగువ భాగం తరగడం మొదలైంది. మూడో నిమిషానికి అది పైకి లేచి, గంటుతో సహా, నా పాత ఈసీజీ రూపంలోకి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే నాకు ఆయాసం మొదలైంది. ఆయన కాగితాన్ని చింపి, రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. నడిచేటప్పుడు నా గుండెలో పై గదుల నుంచి కింది గదులకు సంకేతం మరింత త్వరగా చేరుతోంది. పరికరం మాత్రం నేను పడుకున్నప్పుడు నిర్ణయించిన వ్యవధినే పట్టుకుని కూర్చుంది. అది మేల్కొనే లోపే పాత దారి తన పని కానిస్తోంది. నాకు పరికరం అవసరమైన ఆ నడకలోనే అది నన్ను వదిలేస్తోందని ఆ కాగితం చూస్తే తెలిసింది. మూడు నెలలపాటు అన్ని పరీక్షలూ నన్ను పడుకోబెట్టే చేశారు.

ఆ పూటే కొన్ని మార్పులు చేశారు. కర్ణిక స్పందనకూ జఠరికల సంకేతానికీ మధ్య ఉంచే ఏవీ డిలే అనే ఎడాన్ని 130 నుంచి 100 మిల్లీసెకన్లకు తగ్గించి, గుండె వేగం పెరిగే కొద్దీ అది ఇంకా కుదించుకునేలా పెట్టారు. మళ్లీ నడిపించారు. ఈసారి ఐదో నిమిషం దాకా గీత కిందికే దిగి ఉంది.

ఎక్టోపిక్ బీట్ల సంగతి అంత సులువుగా తేలలేదు. అమియోడరోన్ అనే మందు ఇచ్చారు, అవి సగానికి తగ్గాయి గాని రెండు నెలల్లో థైరాయిడ్ పరీక్షలో తేడా వచ్చింది. చివరికి లీడ్లు బాగా కుదురుకున్నాక, అవి పుట్టుకొస్తున్న చోటును వెతికి కాల్చే అబ్లేషన్ చేశారు. కుడి జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో, ఒకే చోట, అవి పుడుతున్నాయి. తరువాతి హోల్టర్‌లో అవి రోజుకు నాలుగు వందలకు తగ్గాయి. లీడ్ ఎక్కడ ఆనించాలి, ఎడం ఎంత ఉంచాలి అన్న విచారమంతా జరుగుతున్నంత కాలం, తొమ్మిది స్పందనల్లో ఒకటి ఈ ఎక్టోపిక్ బీట్ల పాలైపోతూనే వచ్చింది.

అబ్లేషన్ తరువాత ఒక మధ్యాహ్నమంతా ఎకో గదిలో గడిచింది. మిట్రల్ కవాటం గుండా రక్తం ఎడమ జఠరికలోకి దిగేటప్పుడు తెర మీద రెండు కొండల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి. మొదటిది రక్తం తనంతట తాను దిగేది, రెండోది పై గది ముడుచుకుని నెట్టేది. టెక్నీషియన్ ఎడాన్ని 80, 100, 120, 140 మిల్లీసెకన్లకు మారుస్తుంటే డాక్టరు గారు ఆ కొండల్ని చూస్తూ కూర్చున్నారు. 80 దగ్గర రెండో కొండ తోక తెగిపోయింది, అంటే పై గది పని ముగించక ముందే కవాటం మూసుకుపోతోంది. 140 దగ్గర రెండు కొండలూ ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. విశ్రాంతిలో 110 దగ్గర అవి విడివిడిగా, నిండుగా నిలిచాయి. ఎడమ జఠరికకు సంకేతాన్ని కుడిదాని కన్నా 20 మిల్లీసెకన్లు ముందు పంపినప్పుడు క్యూఆర్‌ఎస్ 142 నుంచి 116కి తగ్గింది. అందరికీ ఇలా ఎకోతో సరిచేయడం వల్ల మొత్తం మీద పెద్ద ప్రయోజనం లేదని, 980 మందితో చేసిన పరిశోధనలో స్థిరంగా 120 మిల్లీసెకన్లు పెట్టినవారూ అంతే బాగున్నారని 2010లో తేలిందని ఆమె స్వయంగా చెప్పారు. గుండె సంకేతాన్ని బట్టి ఎడాన్ని తనంతట తానే మార్చుకునే ఏర్పాటు ఉన్న పరికరాలను కూడా 3,600 మందికి పైగా రోగులలో పరీక్షించారని, 2023లో వచ్చిన ఆ ఫలితాలలో మరణాలు, ఆసుపత్రి చికిత్సలు సాధారణ పద్ధతితో పోలిస్తే చెప్పుకోదగినంత తగ్గలేదని అన్నారు. ఫలితం రానివారిలో మాత్రం కారణాన్ని ఒక్కొక్కటిగా వెతకాలని ఆమె అభిప్రాయం. నాకు అది సబబుగానే తోచింది. సగటు మనిషికి తేడా రానంత మాత్రాన నా గుండె సగటు మనిషిది కావాలని ఎక్కడా లేదు.

మిగిలిన చిన్న పని పొట్టలో కొట్టుకోవడం. ఆపరేషన్ రోజు వెల్లకిలా పడుకోబెట్టి చూశారు కాబట్టి ఆగిందనుకున్నారు. ఎడమ వైపు తిరిగితే గుండె కొద్దిగా ఒరిగి, ఎలక్ట్రోడ్ నరానికి దగ్గరవుతోంది. ఈసారి నన్ను ఎడమ వైపుకు తిప్పి, ఎలక్ట్రోడ్ల జతలను ఒక్కొక్కటిగా మార్చి చూశారు. రెండో, మూడో ఎలక్ట్రోడ్ల జతలో గుండె సులువుగా స్పందిస్తోంది, డయాఫ్రం కదలడం లేదు. తక్కువ విద్యుత్‌తోనే పని జరగడం వల్ల బ్యాటరీ అంచనా కూడా పది నెలలు పెరిగింది. అలవాటవుతుందని చెప్పిన దానికి విరుగుడు పది నిమిషాల పని.

ఆ తరువాత ఆరు నెలలకు చేసిన ఎకోలో, ఎడమ జఠరిక పూర్తిగా ముడుచుకున్నప్పుడు అందులో మిగిలే రక్తం 119 మిల్లీలీటర్ల నుంచి 83కి తగ్గింది. ఆ తగ్గుదల 15 శాతం ఉంటే చికిత్స పనిచేసినట్టు లెక్క, నాకు 30 శాతం వచ్చింది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 41 శాతం. నడక పరీక్షలో 405 మీటర్లు, మధ్యలో ఎక్కడా ఆగలేదు. పరికరం లెక్కలో 98.7 శాతం, ఈసారి హోల్టర్ కూడా దాదాపు అదే చెప్పింది. ఉలిక్కిపడే ఆ మధ్య గోడను చూపించమని నేనే అడిగాను. తెర మీద అది బయటి గోడతో కలిసి లోపలికి వచ్చి, కలిసే వెనక్కి వెళుతోంది. డాక్టరు గారు ఏమీ మాట్లాడకుండా ఆ చిత్రాన్ని రెండు మూడుసార్లు మళ్లీ ఆడించారు. పక్కనున్న మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాలుగు మందులూ కొనసాగుతున్నాయి. గుండె బలపడి రక్తపోటు కొంచెం పెరగడంతో, ఇంతకాలం పూర్తి మోతాదుకు తీసుకువెళ్లలేకపోయిన బీటా బ్లాకర్‌ను ఇప్పుడు పెంచారు. మంచం పక్కన పెట్టిన పెట్టె రాత్రిపూట పరికరం లెక్కల్ని ఆసుపత్రికి పంపుతుంది. శాతం 97కి దిగితే ఫోను చేస్తామన్నారు. ఒకసారి అలా ఫోను వచ్చింది, జ్వరంతో గుండె వేగం పెరిగి రెండు రోజులు దిగింది, తగ్గాక సర్దుకుంది. పరీక్షకు వెళ్లినప్పుడు మూడు సంగతులు నేనే అడుగుతున్నాను: రెండు జఠరికల శాతం ఎంత, నడిపించి చూస్తారా, ఎడమ వైపు తిప్పి చూస్తారా. పోయిన నెల వెళ్లినప్పుడు వరండాలో ఆ టెక్నీషియనే మళ్లీ నా పక్కన నడిచారు. ఆరో నిమిషంలో ఆయన బల్లను ఆపి, కాగితం చింపి నా చేతికిచ్చారు. మొదటి లీడ్‌లో గీత మొదటి నుంచి చివరి దాకా కిందికే దిగి ఉంది.